కుళ్ళాయమ్మ లెక్క

నార్పల దాటినాక, కంకర దోవ పక్కన
మూడెకరాల చీనీ తోట నాది.
చెట్లు మూడు వందల పన్నెండు.
గడ్డి ఎంతని నన్నడగొద్దు.
ఆ లెక్క కుళ్ళాయమ్మది.

పొద్దు పొడవక ముందే ఆరుగురు ఆడోళ్ళతో వచ్చేది.
సద్దిమూట కొమ్మకు తగిలించి
తొలికె మొనను బొటనవేలితో చూసుకొని
మొదటి పాదిలో కూచునేది.
కూచుందంటే లేచేది సాలు చివరే.

ఆమె చేతికొచ్చిన ప్రతి మొక్కకూ ఒక దోవ ఉండేది.
పాయలాకు కొంగులోకి, రాత్రికి పప్పులోకి.
చెంచలాకూ అంతే.
గరిక మేకలకు.
వయ్యారిభామ పూత రాకముందే గట్టు మీదికి:
"పూసినాక పీకితే ఇత్తనం మనమే సల్లినట్టప్పా."
పల్లేరుకాయ ఎట్లా వచ్చేదో, నా చెప్పులోకి.

తుంగకు మాత్రం ఏ దోవా ఇచ్చేది కాదు.
జానెడు లోతు తవ్వి
ఒక గడ్డ, దానికో దారం, దారం కొసన ఇంకో గడ్డ,
నల్లపూసల దండ తెగకుండా లాగినట్టు
ఊపిరి బిగబట్టి లాగేది.
తెగితే తిట్టేది.
తుంగనో నన్నో తెలిసేది కాదు.
గడ్డలన్నీ తట్టకెత్తి, బండ మీద ఎండకు పరిచి,
"మట్టి తగిలితే సచ్చింది కూడా లేస్తాది" అనేది.

పోయినేడు కూలి పెరిగింది.
అనంతపురం యార్డులో పాట పైకి లేవలేదు.
దించిన కాయల పక్కన టీ తాగి
వచ్చే దోవలో మందు డబ్బా తెచ్చినాను.
స్ప్రేయరు నేనే మోసినాను.
గాలి లేదనుకున్నాను.
ఉంది.

రెండు వారాలకు తోట బోడిగుండు.
ఎంత శుభ్రం!
ఫోటో తీసి బామ్మర్దికి పంపితే
బొటనవేలు పంపినాడు.
ఆ నెలలోనే కింది కొమ్మల చిగురు
తాటాకు చీలికలంత సన్నగా, పాలిపోయి వచ్చింది.

తర్వాత ఒక్క వాన.
వానకు లేచింది తుంగ ఒక్కటే.
పక్కన పాయలాకు లేదు, గరిక లేదు,
తోసేవాళ్ళు లేరు, జరగమనేవాళ్ళు లేరు.
డ్రిప్పు చుక్క పడిన ప్రతిచోటా ఈటెల గుంపు.
రెండు చెట్ల కింద పరిచిన ప్లాస్టిక్ పట్టాను
సూది గుచ్చినట్టు గుచ్చుకొని పైకొచ్చింది.

కుళ్ళాయమ్మను వెతుక్కుంటూ పోతే
ఎవరిదో దానిమ్మ తోటలో ఉంది.
బయటికి రాలేదు.
ముళ్ళ మధ్య నుంచే మాట్లాడింది.

"మందు కొట్టినావంట కదప్పా."
"కొట్టినా."
"మొన్న పాయలాకు కోసమని నీ గట్టు మీదికొచ్చినా. ల్యాకపాయ."

నింద కాదు అది.
వాన పడలేదని చెప్పినట్టు చెప్పింది.

యాభై రూపాయలు ఎక్కువడిగింది.
సరే అన్నాను.
"పాదుల్లో అంతా తీస్తాం.
సాళ్ళ నడుమ కోస్తాం గానీ పీకం.
మే నెల ఎండకు నేలకు ఒక పేలికన్నా ఉండాల కదా."
నా దగ్గరున్న కరపత్రంలో ఇదే మాటుంది,
నాలుగు పేరాల్లో.

ఇప్పుడు వస్తాంది.
మోకాలు మడవలేక చెక్కముక్క మీద కూచుంటాంది.
నేనూ పక్క పాదిలో కూచున్నాను, మొన్నటి నుంచి.
నా దండ ప్రతిసారీ రెండో పూసకే తెగుతాంది.

ఒక పాదిలో నూట నలభై గడ్డలు తేలినాయి.
ఫోను తీసి మూడు వందల పన్నెండుతో గుణించబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
"లెక్క పెడితే కూచోబుద్ధి కాదప్పా."

ఇన్నేళ్ళూ ఆమెకు తెలుసనుకున్న లెక్క
అది.

మోటారు షెడ్డులో తడి గోనె మీద
విసిరేసిన చొక్కా ఒకటి మరిచిపోయినాను.
ఈ పొద్దు ఉతకడానికి తీస్తే
జేబు అంచు దాటి
తెల్లటి మొన,
తలుపు సందులో వెలుతురు వైపు.